దేవసహాయం బాబాయి, లెవెల్ నాలుగు

నిన్న పొద్దున్న ఆఫీసుకి బాక్స్ సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. సునీత. దేవసహాయం బాబాయి కూతురు.

"డాడీ నిద్దట్లోనే ఎల్లిపోయేరక్కా" అంది.

నాకు బుర్ర పనిచెయ్యలేదు. అనకాపల్లిలో చోడవరం బస్సెక్కాక చూస్తే చేతిలో ఇంకా బాక్స్ మూత ఉంది.

మొన్ననే కదా మెసేజ్ పెట్టాడు. "గేమ్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేవా లేదా?" అని. నేను రిప్లై కూడా ఇవ్వలేదు.

ఏడుపు పోస్ట్ మాత్రం రాయను. రాస్తే ఆయనే తిడతాడు.

తెలియనివాళ్ళకి చెప్తాను. చోడవరం బస్టాండ్ దగ్గర బాబాయికి నెట్ సెంటర్ ఉండేది. మాకు చుట్టం కాదు. డిగ్రీ రోజుల్లో హాల్ టికెట్ ప్రింట్ కోసం వెళ్ళిన ఐదుగురం, ఆయన ఆడుతున్న ఆన్‌లైన్ గేమ్ చూసి అక్కడే సెటిలైపోయాం. కోటలు, కత్తులు, రాక్షసులు, ఎక్కడెక్కడి జనమో కలిసి ఆడే గేమ్.

మా టీమ్ పేరు "చెరుకుగెడలు". బుచ్చయ్యపేట అప్పలనాయుడు మంత్రాలు వేసేవాడు. నేను గొడ్డలి పట్టుకున్న ఆరడుగుల వీరుణ్ణి, మీసాలతో సహా. బాబాయి వైద్యుడు. మా అందరి దెబ్బలూ మాన్పేది ఆయనే.

ఆయన రూల్ ఒక్కటే. టీమ్‌లో అందరికన్నా తక్కువ లెవెల్ ఎవరిదో, వాళ్ళు వచ్చి కలిసేదాకా ఎవరూ ముందుకెళ్ళకూడదు.

నాకు సప్లిమెంటరీ పరీక్షలొచ్చి నెల రోజులు ఆడకపోతే, మిగతా ఐదుగురూ నెల రోజులు చేపలు పట్టుకుంటూ కూర్చున్నారు. గేమ్‌లో చేపలు లెండి.

ఇంకో అలవాటు కూడా ఉండేది. పెద్ద రాక్షసుడి గుహలోకి వెళ్ళేముందు ప్రార్థన.

మొదటిసారి "కళ్ళు మూసుకోండర్రా" అన్నాడు. ఆరుగురం బుద్ధిగా మూసుకున్నాం. బాబాయి ప్రార్థన మా పాస్టర్ గారి ప్రార్థన కన్నా పొడుగు. మా చదువులు, గోవాడ షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్, కరెంట్ పోకూడదని, అన్నీ చెప్పి ఆమెన్ అనేసరికి ఆరుగురం చచ్చి పడున్నాం.

వెనక నుంచి తోడేలు వచ్చింది. ఒకే ఒక్క తోడేలు!

ఆ రోజు నుంచి అప్పలనాయుడికి డ్యూటీ పడింది. "ఒరే, నువ్వు గుడికెల్తే దేవుణ్ణి కళ్ళారా సూసే కదా దండమెడతావు. నువ్వు కళ్ళు తెరుసుకునుండు" అన్నాడు బాబాయి. పాపం, నాయుడు ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.

అందరం లెవెల్ యాభై దాటిన రోజు మాడుగుల హల్వా తెప్పించాడు. వారం రోజులు కీబోర్డులన్నీ నెయ్యి.

తర్వాత ఆ గేమ్ మూతపడింది. మాకు పెళ్ళిళ్ళయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి. బాబాయి మాత్రం కొత్త గేమ్ వచ్చినప్పుడల్లా గ్రూపులో "రండర్రా" అని పిలిచేవాడు. వెళ్ళేవాళ్ళం. గ్రాఫిక్స్ అదిరిపోయేవి. పది రోజులకి ఒక్కొక్కరం మెల్లగా జారుకునేవాళ్ళం.

ఇలా నాలుగు గేమ్‌లు.

"వయసైపోయింది బాబాయ్, టైమ్ ఉండట్లేదు" అనేదాన్ని నేను.

ఆయన ఒప్పుకుంటేనా! ఒకసారి షాపులో కూర్చోబెట్టి క్లాస్ పీకాడు.

"టైమ్ కాదే. పాత గేమ్‌లో గుహకెల్లాలంటే అరగంట నడక. ఆ నడకలోనే కదేటి మన కబుర్లన్నీ! నీ పెళ్ళిసంబంధం సంగతి నాకు సెప్పింది ఆ కొండెక్కుతన్నప్పుడే. ఇప్పుడేటి? బటన్ నొక్కితే బొమ్మే నడిసెల్పోద్ది. ఇంకో బటన్ నొక్కితే ముక్కూ మొగం తెలీని నలుగురొస్తారు, రాక్షసుణ్ణి కొట్టెస్తారు, ఎల్పోతారు. ఒక్కడూ నీ పేరడగడు. ఒకలితో ఒకలికి అవసరం లేనిసోట ఎవుడుంటాడే?"

అప్పుడు నాకది చాదస్తం అనిపించింది. ఐదో గేమ్ పెట్టినప్పుడు మూడో రోజే డిలీట్ చేసేశాను. అందరికన్నా ముందు పారిపోయింది నేనే.

ఈరోజు పొద్దున్న సమాధి చేసి వచ్చాక ఐదుగురం ఆయన షాపులో కూర్చున్నాం. సునీత ఆయన ఫోన్ తెచ్చింది.

"ఇది సూడక్కా, ఏవో మెసేజ్‌లు వస్తానే ఉన్నాయి."

ఆ ఐదో గేమే. మేం వదిలేసి ఎనిమిది నెలలైంది, ఆయన రోజూ ఆడుతూనే ఉన్నాడు. మెసేజ్‌లు ఎవరెవరివో. "అంకుల్, ఈరోజు రాలేదా?" "తాతా, కమ్మరి కొట్టు ఎటువైపు?" కొత్తగా చేరినవాళ్ళ కోసం మొదటి ఊరి గేటు దగ్గర నిలబడి, పక్కనే నడుస్తూ దారి చూపించేవాడట. పేర్లు కూడా అడిగే ఉంటాడు.

లెవెల్ చూశాను. నాలుగు.

ఎనిమిది నెలలు రోజూ ఆడినవాడికి నాలుగేమిటి?

అప్పలనాయుడికే ముందు వెలిగింది. ఫ్రెండ్స్ లిస్టులో మా పేర్లు తీసి చూపించాడు. పదకొండు, తొమ్మిది, ఏడు, ఆరు.

చివర నేను. నాలుగు.

ఆయన నా కోసం ఆగాడు.

సిగ్గేసింది. ఏడుపొచ్చింది. నా కోసం ఇంతలా ఎదురుచూసిన మనిషి ఉన్నాడని గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

అక్కడికక్కడే అందరం మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాం. బాబాయి ఫోన్ సునీత పట్టుకుంది. ఆటో నడక బటన్ ఎవరూ ముట్టుకోలేదు. గేటు దాటి, పొలాలు దాటి, మొదటి గుహ దాకా నడిచాం. నడిచినంతసేపూ ఆయన కబుర్లే.

గుహ ముందు సునీత "ప్రార్థన సెయ్యక్కా" అంది. చేశాను. నాది కూడా పొడుగే అయింది.

ఆమెన్ అని కళ్ళు తెరిస్తే ఆరుగురం చచ్చి పడున్నాం. ఈసారి అడవిపంది.

అందరం నాయుడి వైపు తిరిగాం.

"ఈయేల నేను కూడా మూసేసుకున్నానర్రా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

పక్క కొట్టువాళ్ళు వచ్చి తొంగిచూసేంత నవ్వాం. సునీత కూడా నవ్వింది.

బాబాయ్, వెనకున్నవాళ్ళని వదిలేసి ముందుకెళ్ళకూడదని రూల్ పెట్టింది నువ్వే. దాన్ని తప్పింది కూడా నువ్వే. ఈ ఒక్కసారికి క్షమించేశాం.

ప్రభువు దగ్గర హాయిగా, ప్రశాంతంగా ఉండు.

అక్కడ కూడా గేటు దగ్గరే నిలబడతావని తెలుసు. మేం నడిచే వస్తాం.