సాంబ్రాణి పొగకు లేచిపోయిన తేనెటీగలు

జూన్ 12, శుక్రవారం. ఉక్కపోత. పొద్దున్నే నీళ్ల తొట్టి కడిగాను. పక్కింట్లో ఎవరో తలంటుకున్నట్టున్నారు, సాంబ్రాణి వాసన వచ్చింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన అమ్మలు ఆ పొగలోనే జుట్టు ఆరబెట్టుకునేవాళ్లు.

1950లలో మాది మద్రాసులోని చింతాద్రిపేట. అమ్మ చనిపోయిన ఏడాదే పెరట్లో మునగచెట్టుకు తేనెపట్టు పట్టింది. బడి నుంచి వచ్చాక, నాయన దుకాణం నుంచి తిరిగొచ్చేదాకా ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ చెట్టు కింద కూర్చుని తేనెటీగల రొద వినేవాణ్ణి.

"ఆదివారం ఎవురినన్నా పిలిచి పొగ పెట్టిస్తా," అన్నారు నాయన.

"వద్దు నైనా, అవి నన్నేం చెయ్యలా."

"సరే, ఉండనీ. కుడితే మాత్రం నా కాడికి ఏడ్చుకుంటా రావద్దు, చెప్పేసినా!"

ఒక శుక్రవారం అమ్మ వాసన కావాలనిపించింది. ఆమె వాడే మట్టి మూకుడులో నిప్పులు వేసి, చెట్టు కిందే సాంబ్రాణి వేశాను. ఈగలన్నీ ఒక్కసారిగా లేచి, ఇంటి కప్పు దాటి వెళ్లిపోయాయి. మళ్లీ రాలేదు.

నాయన వచ్చి ఖాళీ పట్టు చూశారు.

"ఎవురురా పొగేసింది?"

"నేనే. అమ్మ వాసన కోసం."

ఆయన తిట్టలేదు. మూకుడులో మళ్లీ నిప్పులు వేసి, చిటికెడు సాంబ్రాణి చల్లి, చెట్టుకు అటువైపు కూర్చున్నారు.