మా అమ్మ జుట్టుకు వేసిన మందులు

వరసగా రెండో ఏడు కూడా వానలు ఎగ్గొట్టినప్పుడు మా అమ్మకు జుట్టు ఊడడం మొదలైంది. నేనప్పుడు మిడిల్ స్కూల్లో ఉన్నాను. అమ్మకు తల దువ్వడం నా పని. ఒకసారి లాగితే దువ్వెన నిండా కుచ్చులుగా వచ్చేది. ఆ ఉండలను అమ్మ గోడ సందులో దోపేది. వెంట్రుకలు కొనుక్కుపోయే ఆమె వచ్చి చూసి, "ఈ తూరి బాగా కూడబెట్టినావు కదక్కా" అని మెచ్చుకొని, బదులుగా ఇన్ని పిన్నీసులు ఇచ్చి పోయింది. ఆ మెచ్చుకోలు నాకిప్పటికీ మింగుడుపడదు.

మొదటి వైద్యం మా అవ్వది, అంటే నాయన తల్లిది. నడినెత్తిన బోసిపోయిన చోటు చూసి, "ఇది పేనుకొరుకుడు, గురివింద గింజ అరగదీసి పెడితే పోతాది" అని తేల్చేసింది. గోనెగుడ్డతో నెత్తి ఎర్రగా కందేదాకా రుద్ది ఆ ముద్ద పట్టించింది. తెల్లారేసరికి బొబ్బలు లేచి నీరు కారాయి. ఆ పుండ్లమీదే తువ్వాలు చుట్టుకొని అమ్మ కలుపుకు పోయింది. పుండు మానింది గానీ ఆ చోట మళ్లీ వెంట్రుక మొలవలేదు.

తర్వాత నాయన పూనుకున్నాడు. ఎద్దులకు తవుడు కొనడానికి కర్ణాటక సరిహద్దులోని పావగడకు పోయిన రోజు, నన్ను వెంటబెట్టుకొని బస్టాండు దగ్గర మందుల అంగడి ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఇంట్లో ఆడమనిషికి జుట్టు ఊడిపోతాండాది. ఏమన్నా మందుంటే ఇయ్యి."

"ఎవరికప్పా, పెండ్లానికా?"

"ఊ."

అంగడాయన అడిగింది అంతే. వయసెంత, ఎన్నాళ్లనుంచి ఊడుతోంది, ఇంకే జబ్బయినా ఉందా, ఒక్కటీ అడగలేదు. డాక్టరు చీటీ ఊసే లేదు. వెనక్కి తిరిగి, ఏవో మాత్రల అట్టలు కత్తిరించి పేపర్లో చుట్టాడు. మోకాళ్లదాకా జుట్టున్న ఆడమనిషి బొమ్మ వేసిన నూనె సీసా ఒకటి పక్కన పెట్టాడు.

"పొద్దున రెండు, మాపటికి రెండు మింగమను. అయిపోతే మళ్లా రా."

నాయన మళ్లీ మళ్లీ వెళ్లాడు. అమ్మ మానకుండా మింగింది. కొన్నాళ్లకు ఆమె ముఖం గుండ్రంగా నిండుకుంది. బోరింగు దగ్గర ఆడవాళ్లు "ఒళ్లు చేసినావు, మందు బాగుండాది" అన్నారు. అమ్మ కూడా అద్దంలో చూసుకొని సంతోషపడింది. చేతులూ కాళ్లూ మాత్రం రోజురోజుకీ సన్నబడుతున్నాయి. కాళ్లు చీర మాటున, చేతులు కొంగు మాటున ఉండేవి కాబట్టి ఎవరికీ పట్టలేదు.

ఒక మధ్యాహ్నం నీళ్లబిందె ఎత్తుకొని వస్తూ చేనిగట్టు మీద పడిపోయింది. పావగడ సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ వయసులో ఉన్న ఒక డాక్టరమ్మ, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే మనిషి, అమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్లు చూసింది. మాత్రల అట్ట చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఇవి ఎవరు రాసిచ్చినారు?"

"ఎవరూ రాయలేదు మేడమ్. అంగట్లో ఇచ్చినారు" అన్నాడు నాయన.

ఆమె అమ్మవైపు తిరిగింది. "ఏం తింటావమ్మా?"

"అందరూ తినేదే మేడమ్."

నాకు ఆగలేదు. "అందరూ తిన్నాక మిగిల్తే తింటాది. చానాసార్లు మిగలదు" అన్నాను.

నాయన గిర్రున తిరిగి నన్ను చూశాడు. తాను సంగటి తిని చేయి కడుక్కొని అరుగుమీదికి పోయే మనిషికి వెనక కుండలో ఏం మిగిలిందో నిజంగానే తెలియదు. తెలియకపోవడం తప్పు కాదని మా ఇంట్లో అందరూ అనేవారు. నేను అనను.

ఒంట్లో రక్తం లేకనే జుట్టు రాలుతోందని డాక్టరమ్మ చెప్పింది. ముఖం ఉబ్బింది ఆ మాత్రల వల్లేననీ, అవి స్టెరాయిడ్లనీ, ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పనీ చెప్పి, ఎలా తగ్గించుకుంటూ రావాలో వివరించింది. రక్తం పట్టడానికి వేరే మాత్రలు ఇచ్చింది. బస్సులో అమ్మ నాతో అన్నది ఒకటే మాట: "ఇంటి సంగతి ఆడెందుకు చెప్పినావే?"

తర్వాతి సంతరోజు నాయన ఆ అంగడికి పోయి నిలదీశాడు. అంగడాయన మాత్రల అట్టలు కత్తిరిస్తూ తలెత్తకుండానే, "నువ్వే కదప్పా వచ్చి అడిగింది. నేనేమన్నా నీ ఇంటికొచ్చి ఇచ్చినానా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయన తిరిగి వచ్చేశాడు.

ఆసుపత్రి సంగతి విన్న అవ్వ మాత్రం, మళ్లీ పంటకని మూతికట్టి పెట్టిన విత్తనం మూట విప్పింది. చేటెడు శెనక్కాయలు వేయించి బెల్లంముక్కతో అమ్మ ముందు పెట్టింది.

"విత్తనాలత్తా ఇవి" అంది అమ్మ.

"వాన యాడుండాది విత్తనీకి? తిను" అంది అవ్వ, అమ్మ తినేదాకా అక్కడే కూర్చొని.

ఆ రోజునుంచి అమ్మ అందరితోపాటే కంచం పెట్టుకుంది. మొదట్లో సిగ్గుపడింది, అవ్వ వినలేదు. ముఖం మామూలు కావడానికి చాలాకాలం పట్టింది. జుట్టు వచ్చింది, మునుపటంత కాకపోయినా ముడికి అందేటంత. గురివింద కాల్చిన చోటు మాత్రం బోడిగానే మిగిలింది. పక్క జుట్టు దాని మీదికి దువ్వడం నేను నేర్చుకున్నాను. ఆ మందుల అంగడి పక్క గదిలోకి కూడా పెరిగింది. ఆ దారిన పోయినప్పుడల్లా, గల్లా ముందు చీటీ లేకుండా చేయి చాచి నిలబడ్డ ఎవరో ఒక మొగుడు కనిపించేవాడు.