షట్టర్ దించాక

ఉర్లా ఫ్యాక్టరీల వాడలో మేం పనికెళ్లిన గోడౌనుకి ఆనుకుని రోలింగ్ మిల్లు ఉండేది. ఇనుము మీద ఇనుము పడే చప్పుడు అక్కడ ఎప్పుడూ ఆగదు. లోపల సైరన్ మోగినా గేటు దగ్గర చౌకీదారుకి వినిపించదు. అందుకే గోడౌను సేఠ్ మా మావయ్యని పిలిపించి, దొంగ అడుగుపెడితే తన ఫోను మోగేలా సిమ్ కార్డు మిషను బిగించమన్నాడు. లోపల ఉన్నది రాగి తీగ చుట్టలు.

మావయ్య మా అమ్మ తమ్ముడు. డిప్లొమా అయ్యాక నేను అతని దగ్గరే పనిలో చేరాను. నలుగురి ముందు నోరు తెరవాలంటే నాకు మాట వచ్చేది కాదు. ఇంట్లో పుస్తకాల్లోనూ పనిలో వైర్లలోనూ తలదూర్చుకుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

ఆ మిషనుకి ఒక చిన్న ఎర్రలైటు ఉంటుంది. సిమ్‌కి టవర్ అందితే మూడు సెకన్లకోసారి తాపీగా వెలుగుతుంది. అందకపోతే గబగబా కొట్టుకుంటుంది. మేం ఎక్కడ పనిచేసినా షట్టర్ పైకెత్తే చేసేవాళ్లం. రేకుల షెడ్డులో షట్టర్ దించితే చీకటి, ఉక్క, ఊపిరాడదు. పరీక్ష కూడా ఎత్తిన షట్టర్‌తోనే. మిషను కాపలా కాసేది మాత్రం షట్టర్ దించాకే. ఇంత చిన్న సంగతి మాకు ఎన్నడూ తట్టలేదు.

ఆ సాయంత్రం పరీక్షలో సేఠ్ ఫోను మోగింది. ఆయన నవ్వాడు. షట్టర్ దించుతుంటే, అది ఇంకా జానెడు ఎత్తులో ఉండగా, నేను సంచి తీసుకోవడానికి వంగాను. లోపల గోడ మీద ఎర్రలైటు గబగబా కొట్టుకుంటోంది.

"మావయ్యా..." అన్నాను.

"ఏటే? జల్దీ రా. ధర్సీవాలో ఇంకో సైటుంది."

సేఠ్, ఆయన ఇద్దరు డ్రైవర్లు నావైపు తిరిగారు. "ఏం లేదు" అనేశాను. ఇంటికెళ్లాక మాత్రం డైరీలో రాసుకున్నాను: చుట్టూ రేకే, షట్టర్ దించితే టవర్ పోతోంది, రేపు మావయ్యకి చెప్పాలి.

తెల్లారేసరికి సేఠ్ నుంచి ఫోనొచ్చింది. దొంగలు వెనక రేకు విప్పి చుట్టలన్నీ పట్టుకుపోయారు. పోతూ రేకుని మళ్లీ ఎప్పట్లా ఆనించేశారు. ఆయన ఫోను మాత్రం మోగలేదు.

మేం వెళ్లేసరికి చౌకీదారుని ఎత్తిన షట్టర్ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొడుతున్నారు. యాభై దాటిన మనిషి. ముందురోజంతా నన్ను "నోనీ, నోనీ" అని కూతుర్ని పిలిచినట్టు పిలుస్తూ కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. ఇప్పుడు ఒక డ్రైవరు చేతిలో బెల్టు, రెండోవాడి చేతిలో నీళ్ల పైపు. బెల్టు బకిల్ తగిలిన చోట కనుబొమ చీలి, రక్తం కంట్లోకి కారుతోంది. మిల్లు చప్పుడులో గేటు దాకా అతని అరుపు వినబడటం లేదు. నోరు తెరుచుకోవడమే కనిపిస్తోంది. దగ్గరికి పరిగెత్తాం.

"బతా, చెప్పు! ఎంత ఇచ్చారు నీకు?" సేఠ్ అతని జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. "మిషన్ ఆపే రిమోట్ నీ దగ్గరేగా ఉంది. నువ్వే ఆపావు!"

"మై నఇ కరేఁవ్ సేఠ్... నేను ముట్టుకోలేదు."

సేఠ్ మావయ్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. మిషన్ ఖరాబా?"

మావయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మిషన్ ఏక్‌దమ్ ఠీక్ హై సేఠ్‌జీ. నిన్న మీ ముందే మోగింది కదా. ఎవరో ఆపి ఉంటారు."

ఆ మాటతో డ్రైవరు చౌకీదారుని పొట్టలో తన్నాడు. అతను పక్కకి ఒరిగిపోయి నేల మీద కక్కుకున్నాడు. నేను ముందుకి కదిలితే మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. గోళ్లు దిగాయి.

"షట్టర్ దించితే టవర్ పోతోంది మావయ్యా. నిన్న చూశాను."

"నోరు ముయ్యి. తరవాత చూద్దాం. ఇప్పుడు చెప్పినావంటే ఆ దెబ్బలు మనకే."

రెండోవాడు పైపు ఎత్తాడు. చౌకీదారు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు ఆ మిల్లు మోతలోనూ నాకు వినిపించింది. చెయ్యి ఉండకూడని వైపుకి వేలాడింది.

నేను మావయ్య చెయ్యి విదిలించుకుని లోపలికి పరిగెత్తాను. షట్టర్ పట్టుకుని బరువంతా వేసి కిందికి వేలాడాను. "ఏయ్ లడ్కీ! పాగల్ హై క్యా? పిచ్చెక్కిందా?" అంటూ సేఠ్, బెల్టు డ్రైవరు నా వెనకే దూరారు. షట్టర్ నేలకి తగిలింది. ఆ చీకట్లో మిషను ఆన్ చేసి, కదలిక పట్టే సెన్సార్ ముందు చెయ్యి ఊపాను. సైరన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. డ్రైవరు నా జడ పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది.

"ఫోన్ దేఖియే!" అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. "మీ ఫోను చూడండి! టవర్ నహీ హై!"

సేఠ్ జేబులోంచి ఫోను తీశాడు. స్క్రీను వెలుగులో ఆయన మొహం కనిపించింది. టవర్ గీత ఒక్కటీ లేదు. గోడ మీద ఎర్రలైటు గబగబా కొట్టుకుంటోంది. డ్రైవరు నా జడ వదిలేశాడు. షట్టర్ ఎత్తాక కాసేపటికి సేఠ్ ఫోను మోగింది.

సేఠ్ బయటికి నడిచి మావయ్య చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారి మావయ్య కింద పడ్డాడు. చౌకీదారు వైపు మాత్రం ఎవరూ చూడలేదు. పైపు పట్టుకున్నవాడు దాన్ని గోడకి ఆనించి బీడీ ముట్టించుకున్నాడు.

వైర్లకి వాడే ప్లాస్టిక్ పట్టీని చౌకీదారు చెయ్యి పొడవుకి కోసి, ఇన్సులేషన్ టేపుతో చుట్టి కట్టాను. ఆటోలో ఎక్కించి, విరిగిన చెయ్యి కదలకుండా నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆటో కదిలాక అతను, "నోనీ, ఇది నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"నిన్న సాయంత్రం" అన్నాను.

వాపెక్కని కంటితో నన్ను చూశాడు. తర్వాత ఆ చేతిని నా ఒళ్లోంచి మెల్లగా తీసుకుని రెండో చేత్తో గుండెకి హత్తుకున్నాడు. టాటీబంధ్ ఆసుపత్రి దాకా రోడ్డంతా గోతులే. ప్రతి గోతికీ మూలిగాడు కానీ, నేను చాచిన చేతులు మాత్రం అందుకోలేదు.