పెద్దల్లుడు చూడని వైరు

మా వీధిలో రెండు మెకానిక్ షాపులు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి పెద్దల్లుడిది, రెండోది చిన్నల్లుడిది. ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్న తోడల్లుళ్లు కాబట్టి వీధంతా వాళ్లని అలాగే పిలిచేది. అసలు పేర్లు వాళ్ల భార్యలకైనా గుర్తున్నాయో లేదో.

పెద్దల్లుడి గొప్పంతా ఒక్కదాంట్లోనే ఉంది. బస్సు డ్రైవరుగా చేసి మానేసిన మామగారి పాత మోటారుసైకిలు మీద తన స్పానరు తప్ప ఇంకెవరిదీ పడలేదు. చిన్నల్లుడి షాపు ముందు బళ్లు ఎక్కువ ఆగినా, పైన కొత్త రేకులు మెరిసినా, చివరికి అతని కుర్చీకి నాలుగు కాళ్లూ సమానంగా ఉన్నా ఓర్చుకున్నాడు. మామగారి బండి తనది కదా!

ఒక ఉదయం ఆ బండి రోడ్డుకు అవతలి పక్క ఆగింది.

"ఏమేవ్, మీ నాన్న దారి తప్పాడా?" అని వెనక గదిలోకి కేకేశాడు.

"నిన్న వస్తే మీరు లేరట. సెల్ఫ్ తిరగలేదు. కిక్కు కొట్టడానికి ఆయన మోకాలు ఒప్పుకోదు. చెల్లెలి మొగుడు రాత్రి బ్యాటరీ మార్చి బండి అక్కడే ఉంచాడు. దానికింత ఏడుపెందుకు?" అంది భార్య.

"ఏడుపా? నాకా?"

మామగారు ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులు కదపకుండా ఉంచేసరికి కొత్త బ్యాటరీ కూడా పడుకుంది. ఈసారి మామగారు బండిని తోయించుకుని పెద్దల్లుడి దగ్గరికే వచ్చారు. అతని ముఖం చాటంతయింది.

"బ్యాటరీ ఎవడైనా మారుస్తాడు మామయ్యా! ఛార్జింగ్ ఎక్కడ చస్తోందో పట్టుకోవాలి గానీ," అన్నాడు, రోడ్డవతలికి వినబడేలా.

"ఎవడు పట్టుకుంటే ఇకనుంచి బండి వాడి దగ్గరే," అన్నారు మామగారు. "తోయించుకుంటూ తిరగడం నామర్దాగా ఉందిరా."

పెద్దల్లుడు బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టి, బండి స్టార్ట్ చేసి, మీటరు ఆనించాడు. రేసు పెంచితే పద్నాలుగు వోల్టుల దాకా ఎక్కి నిలబడింది. అంటే బండి ఛార్జింగ్ బాగానే చేస్తోంది. మీటరు చెప్పినా మనసు వినలేదు. తోడల్లుడి చెయ్యి పడిన ప్రతి బోల్టూ విప్పి బిగించాడు. వాడి చేతిలో ఏం పాడైందోనని ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ కూడా మార్చాడు. తాను బిగించిన వాటి జోలికి మాత్రం పోలేదు.

నాలుగు రోజులకు బండి మళ్లీ పడుకుంది. ఈసారి మామగారు బండిని రోడ్డు దాటించారు.

చిన్నల్లుడు ఇంజను జోలికే పోలేదు. బండి తాళంచెవి బయటికి తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటరు పెట్టాడు. పెద్దల్లుడు ఊడ్చిన చోటే ఊడుస్తూ చూస్తున్నాడు. తాళంచెవి లేకపోయినా కరెంటు పారుతోంది! చిన్నల్లుడు ఒక్కో వైరూ పీకుతూ, హ్యాండిల్ మీది ఫోను ఛార్జర్ దగ్గరికొచ్చాడు. దాని ఎర్ర వైరు పీకగానే మీటరు సున్నాకి పడింది.

పెద్దల్లుడి చీపురు ఆగింది. ఆ ఛార్జర్ తాను పెట్టిందే. చిన్నల్లుడు మామగారికి మెత్తటి సీటు కవరు తొడిగించాడని తెలిసి, పోటీకి పెట్టింది. తాళం తిప్పకపోయినా ఫోనుకు ఛార్జింగ్ ఎక్కాలని నేరుగా బ్యాటరీకి కలిపాడు. అది వానకు లోపల తడిసి, రాత్రీపగలూ బ్యాటరీని తాగుతూ కూర్చుంది.

చిన్నల్లుడు ఒకసారి ఎదురుగా చూసి, "అన్నయ్య పనంతా సరిగ్గానే ఉంది మామయ్యా. ఎక్కడో వైరు తడిసిందంతే," అన్నాడు.

పెద్దల్లుడికి ఒళ్లు మండిపోయింది. పని తెలిసినవాడూ వాడే, మంచివాడూ వాడేనా? చీపురు పారేసి రోడ్డు దాటాడు.

"ఎక్కడో కాదు, నేను పెట్టిన ఛార్జరే. తప్పు నాది!"

"పోనీలే అన్నయ్యా, నేనేదో సర్దుతున్నాను కదా..."

"నువ్వు సర్దక్కర్లేదు తమ్ముడూ. తప్పైనా నాకు మిగలనీ!"

మామగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "దీనికీ కొట్టుకుంటార్రా? మాటంటే మాటే, ఇక బండి ఇక్కడే. కానీ ఆ ఛార్జర్ నాకు కావాలి. తాళం తిప్పితేనే పనిచేసేలా నువ్వే బిగించు పెద్దోడా. ఇక్కడే కూర్చుని."

పెద్దల్లుడు తన స్పానరు తెచ్చుకుని తోడల్లుడి కుర్చీలో కూర్చున్నాడు. అది పిసరంత కూడా ఊగలేదు. కావాలని అటూ ఇటూ కదిలి చూశాడు. అయినా ఊగలేదు. మళ్లీ ఒళ్లు మండింది.