కత్తెరమ్మ వదిలేసిన కొమ్మ

కత్తెరమ్మకు చూపు మందగించిందని నర్సరీ అంతా గుసగుసలాడుకుంటోంది. లేకపోతే తేడా కొమ్మ కనబడితే చాలు, కచక్‌మనిపించే మనిషి, మూలబల్ల మీద అంత మందపాటి ఆకుల కొమ్మను కళ్లెదుటే వదిలేస్తుందా?

"వదినా, కళ్లద్దాలు చేయించుకో. ఇవాళ కొమ్మ వదిలావు, రేపు కొమ్మనుకుని నా వేలు కోస్తావు!" అంది కుండీలు కడుగుతున్న ఆడపడుచు.

"నీ వేలు కోస్తే కుండీలెవరు కడుగుతారే?"

నవ్వుతూనే అంది గానీ కత్తెరమ్మకు కాలు నిలవడం లేదు. నీళ్ల డబ్బా ఎత్తేది, దించేది, మళ్లీ మూలబల్ల దగ్గరికే వెళ్లేది.

ఆ మొక్క ఆమె చేతిదే. పసుపుపువ్వు పుప్పొడిని ఎర్రపువ్వుకు అద్ది, రెండు జాతులను కలిపింది. నారింజరంగు పూలు విరగబూశాయి. గింజ మాత్రం కట్టలేదు. గింజ లేక ఏటా కొమ్మలే నాటి నాటి మొక్క బలం ఉడిగిపోయింది.

"బల్ల ఖాళీ చేసేద్దాం," అన్నాడు యజమాని ఆ మధ్య. "తల్లి నుంచి వచ్చిన వారసత్వపు పోగులకూ, అదే క్రోమోజోములకూ, తండ్రి నుంచి వచ్చినవాటికీ జత కుదరదు. ఇక గింజెక్కడిది? ఎప్పుడో ఒక చిగురులో పోగులన్నీ రెట్టింపయితే తప్ప. అప్పుడు ప్రతిదానికీ జోడీ దొరుకుతుంది."

"అట్లాంటి చిగురును గుర్తుపట్టేదెట్లా అయ్యా?"

"ఆకు మందంగా, పువ్వు పెద్దగా ఉండొచ్చు."

కత్తెరమ్మ చేతిలోని కత్తెరను బల్ల మీద పెట్టేసింది. మందపాటి ఆకు చిగుళ్లను ఇన్నేళ్లూ తెగులనుకుని తనే తెగ్గోసింది. వరసలో అన్నీ ఒకేలా ఉండాలన్నది నర్సరీ నియమం మరి.

అప్పటినుంచి మూలబల్ల మీద మందపాటి చిగురు కనబడ్డా కత్తెర ఎత్తలేదు. ఆ కొమ్మకు పూలు విచ్చాక వాటి పుప్పొడినే వాటికి అద్దింది. ఒక్క కాయ నిలిచింది. విప్పి చూద్దామని చెయ్యి దురద పెట్టేది. పచ్చికాయ విప్పితే అంతా పాడు.

"ఇంకా ఎన్నాళ్లమ్మా? ఈ మొక్కవన్నీ తాలుకాయలేగా," అంటూ యజమాని మొన్న తనే వచ్చి కుండీ పట్టుకున్నాడు.

"కాయ ఎండేదాకా ఆగండయ్యా. తాలైతే నేనే పీకి పారేస్తా."

ఆయన గొణుక్కుంటూ కుండీ దించాడు.

ఈ ఉదయం కాయ గోధుమరంగుకు తిరిగింది. ఆడపడుచు తొంగిచూస్తుండగా కత్తెరమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపింది. ఆవగింజల కన్నా చిన్న నల్లటి గింజలు అరచేతిలో రాలాయి.

ఆమె చూపుకు ఏమీ కాలేదు.