ఇటలీ దర్శకుడి మీద నాలుగు లైన్లు

ఆ ఇటలీ దర్శకుడి గురించి నాకు తెలిసినదంతా ఒక ఇంగ్లీషు వారపత్రికలోని అరపేజీ. విజయనగరంలో నేను పనిచేసే చిన్న దినపత్రికకి ఆ వారపత్రిక రెండు వారాలు ఆలస్యంగా, అట్ట నలిగి వచ్చేది. అందులో ఉన్నది ఇంతే. ఆయన మొదట ఇంకొకరి దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. తన కథకి పెట్టుబడి పెట్టేవాళ్ళు దొరక్క తానే నిర్మాత అయ్యాడు. స్టూడియో లేదు, నటులు లేరు. పల్లెలకి వెళ్ళి, రైతుల్నీ కూలీల్నీ వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటూండగా తీశాడు. మొదటి రెండు సినిమాలు ఆడలేదు. మూడోదానికి బహుమతి వచ్చింది. ఇప్పుడు నాలుగోది తీస్తున్నాడు.

దాన్ని తెలుగు చేసి ఆదివారం పేజీకి ఇచ్చాను. మధ్యాహ్నం కంపోజిటరు మసి చేతులతో వచ్చాడు. ముసలాయన. పత్రిక గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

"బాబూ, కింద నాలుగు లైన్లు ఖాళీ ఉండిపోనాది. ఏటెయ్యమంతారు?"

"ఖాళీలో పువ్వు బొమ్మ బ్లాకు వెయ్యండి."

"మొన్న సావు కబురు కింద అదే ఏసినాం. మల్లీ అదేనా? నాలుగు ముక్కలు రాసీండి, తమకేటి కష్టం?"

నిలబడే రాశాను. ఆ దర్శకుడు తన సినిమాలో కనిపించే ప్రతి కూలీ పేరూ ఊరితో సహా రాసుకుని తెర మీద వేస్తాడనీ, పేరు లేని మనిషి ఆయన సినిమాలో ఉండడనీ. అలాగని నేనెక్కడా చదవలేదు. అలా చేసే మనిషే అనిపించింది, అంతే. కంపోజిటరు చదివి "బాగున్నాదండి" అని పట్టుకుపోయాడు. లైన్లు సరిగ్గా సరిపోయాయి.

ఆమదాలవలసలో స్టేషనుకి ఎదురుగా ఫొటో స్టూడియో నడిపే ఒకాయన నాకు స్నేహితుడు. చుట్టరికం లేదు గాని ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళం. ఆయన భార్య నన్ను అన్నయ్యా అనేది. పెళ్ళి ఫొటోలూ, బడిపిల్లల గ్రూపు ఫొటోలూ వాళ్ళ బతుకు. మిషన్ ఆసుపత్రి దొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ, తాళం తిప్పితే నడిచే చిన్న సినిమా కెమెరా బావకి ఇచ్చిపోయాడు. మూడేళ్ళుగా అది బీరువాలోనే ఉంది. ఆ ఆదివారం పేజీ చదివాక బయటికి వచ్చింది.

నేను వెళ్ళేసరికి ఆ పేజీ కత్తిరించి గోడకి అంటించాడు.

"స్టూడియో నేదు, యాక్టర్లు నేరు. ఆడికీ నేరు, నాకూ నేరు. ఇంకేటి కావాల బావా?"

"ఫిల్ము కావాలి."

"కొనీసినాను," అని మూడు డబ్బాలు చూపించాడు.

"నా గాజులెక్కడికి పోనాయో కూడా అడగండి అన్నయ్యా," అంది ఆవిడ లోపలినుంచి.

ఆవిడ పుట్టిన ఊరు కొండల కింద ఉంది. నూర్పుల రోజుల్లో అక్కడి కళ్ళంలో సినిమా తీశాడు. ఒకరోజు నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళు గాలికి ఎదురుగా చేటలెత్తి ధాన్యం తూర్పారబడుతున్నారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తీస్తున్నాడు. తీయడం అయిన ప్రతి మనిషినీ ఆవిడ పక్కకి పిలిచి, పొడుగాటి నోటుపుస్తకంలో పేరు రాసుకుంటోంది. అలా రాయాలని వాళ్ళకి ఎవరు చెప్పారో నాకు తెలుసు.

ఒక ముసలమ్మ అడిగింది. "పేరెందుకే? తాలూకా కచేరీలో ఎయ్యడానికా?"

"సినిమాలో ఏస్తాం అప్పా. తెర మీద పెద్ద పెద్ద అచ్చరాలు," అంది ఆవిడ.

"నాను సదవనేను గదా. అది నా పేరేనని నాకెలా తెలుస్తాది?"

"నేను సదివి సెప్తాను."

"అయితే సరిగ్గా రాయి. మా ముసలోడి పేరు మాత్రం ఎయ్యకు. సుట్ట కాల్సడం తప్ప ఆడేటి సేసినాడు?"

కళ్ళమంతా నవ్వింది. సాయంత్రం ఆ నవ్వు లేదు. కూలికి గింజలు కొలిచే కుంచం పోయిన ఏడాదికన్నా చిన్నదయిందని ఆడవాళ్ళు చేటలు కింద పెట్టి భూమి ఆసామీ మనిషిని చుట్టుముట్టారు. కుంచం అడుగు లోపలికి నొక్కి ఉంది. ముసలమ్మ దాన్ని లాక్కుని, బోర్లించి, కెమెరా ముందుకి ఎత్తిపట్టింది.

"ఇది కూడా తియ్యి బాబూ!"

ఆయన తీశాడు.

నేను తిరిగివచ్చి మూడో పేజీలో బాక్సు కట్టించి రాశాను. మన జిల్లాలో కూడా ఇటలీ పద్ధతిలో సినిమా తీసే మనిషి ఉన్నాడని. ఏ ఊరి కళ్ళమో, తగాదా ఎలా జరిగిందో, కూలీల పేర్లతో పుస్తకం కూడా ఉందని. మంచి వార్త రాశాననుకున్నాను.

నెల తిరక్కుండా ఆ ఆసామీ వరికుప్పలు తగలబడ్డాయి. కొండల వైపు భూముల గొడవలు అప్పటికే ముదిరి, బడుల్లో పోలీసు క్యాంపులు దిగాయి. క్యాంపుకి పట్టుకెళ్ళినవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆ రోజు కళ్ళంలో తగాదాకి నిలబడిందెవరు అన్నది ఇప్పుడు పోలీసులకి కావలసిన సంగతి. ఆసామీ మనిషి భయంతో ఎవరి పేరూ చెప్పలేదట.

బావ కబురు పంపితే ఉదయం పాసింజరుకి వెళ్ళాను. అంతకుముందు రోజు హెడ్డు కానిస్టేబులు వచ్చాడట. ఆయన కూతురి పెళ్ళి ఫొటోలు బావే తీశాడు. చేతిలో మా పత్రిక మడత పెట్టి ఉందట.

"ఇంత పని సేసి మాకో మాటైనా సెప్పనేదేటి బాబూ? రేపు ఇనస్పెట్రు గారొస్తారు. రీళ్ళూ పుస్తకమూ తీసి ఉంచండి," అని వెళ్ళిపోయాడట. ఒకరోజు ముందుగా చెప్పడం పొరపాటో ఉపకారమో నాకిప్పటికీ తెలియదు.

పుస్తకాన్ని ఆవిడ అప్పటికే పొయ్యిలో పెట్టేసింది. బావ పెరట్లో ఎండలో కూర్చున్నాడు. ముందు మూడు డబ్బాలు.

"ఇంకా కడిగించలేదు కదా. అందులో ఏముందో వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాను.

"ఆళ్ళు మద్రాసు పంపి కడిగిస్తారు."

"ఎక్కడైనా దాచు."

"ఎవరింట దాస్తే ఆళ్ళ పీకకి సుట్టుకుంతాది."

మొదటి డబ్బా మూత తీశాడు. కడగని ఫిల్ము మీద ఎండ పడితే బొమ్మంతా పోతుంది. బొమ్మ కంటికి కనిపించదు గనక, పోవడం కూడా కనిపించదు. ఆయన మూరలు మూరలుగా లాగుతున్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇందులోనే ఉన్నాది ముసల్ది, కుంచం పట్టుకొని," అన్నాడు.

మూడూ అయ్యాక మళ్ళీ శ్రద్ధగా చుట్టి, డబ్బాల్లో పెట్టి మూతలు బిగించాడు. అప్పుడు నన్నడిగాడు.

"ఆ ఇటలీవోడికీ ఇలాటి రోజొచ్చుంతాదా బావా? పేర్లు రాసుకున్న పుస్తకం ఆడేటి సేసుంతాడు?"

చెప్పవలసింది అప్పుడే.

"ఆ ఇంగ్లీషు పత్రికలో ఆ సంగతి రాయలేదు," అన్నాను. అబద్ధం కాదు.

ఇనస్పెక్టరు డబ్బాలతో పాటు బావనీ తీసుకెళ్ళాడు. నాలుగో రోజు వదిలారు. ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదని ఆవిడ చెప్పింది, ఆయన చెప్పలేదు. ఆ కళ్ళంలో ఆడవాళ్ళ జోలికి ఎవరూ రాలేదు. కెమెరా మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది.

కొన్నాళ్ళకి విశాఖపట్నంలో ఒక కాలేజీ హాల్లో ఆ ఇటలీ దర్శకుడి నాలుగో సినిమా వేస్తున్నారని తెలిసి, బావకి కార్డు ముక్క రాసి వెళ్ళాను. పేర్లు మొదట్లోనే పడ్డాయి. దర్శకుడిగా, నిర్మాతగా ఆయన పేరు. ఇంకో పది పేర్లు. అంతే. తర్వాత కథలో ఒక ముసలి రైతు భార్య బుట్ట దింపి తెర మీంచి తిన్నగా నా వైపు చూసింది. చివర్లో పేర్లు వస్తాయేమోనని దీపాలు వెలిగేదాకా కూర్చున్నాను. రాలేదు.

మర్నాడు ఆమదాలవలసలో దిగాను. బావ కుడిచెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు.

"సూసినావా? పేర్లు ఏసినాడా?"

నేను నోరు తెరిచేలోగా కళ్ళంలో చూసిన ముసలమ్మ చింతపండు గంపతో గుమ్మంలోకి వచ్చింది. సంతకి వచ్చినప్పుడల్లా వస్తుందట.

"నా సినిమా వచ్చినాదా బాబూ?"

"మద్రాసులో ఉన్నాదమ్మా. కడగడానికి కాలం పడతాది."

"పేరు సరిగ్గానే రాసినారా?"

లోపలినుంచి ఆవిడ, చేస్తున్న పని ఆపకుండానే, ముసలమ్మ పేరూ ఇంటిపేరూ ఊరూ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ముసలమ్మ తలూపి గంప ఎత్తుకుంది.

ఆమె రోడ్డు దాటేదాకా ఆగి చెప్పాను. ముందు సినిమా సంగతి, తర్వాత నాలుగు లైన్ల సంగతి. లోపల పని చప్పుడు ఆగిపోయింది. గోడ మీద ఆ కాగితం ఇంకా ఉంది, అంచులు పసుపురంగుకి తిరిగి. బావ దానివైపు చూడలేదు. వీధిలోకి చూశాడు.

"మరి ఇప్పుడు ఆ ముసల్దానికి ఏటి సెప్పమంతావు?" అన్నాడు.

నా పాసింజరుకి ఇంకా గంటన్నర ఉంది. స్టూడియో బల్ల మీదే కూర్చున్నాను. మధ్యలో ఆవిడ వచ్చి నా పక్కన టీ గ్లాసు పెట్టి వెళ్ళింది. ఆ రోజు అన్నయ్యా అనలేదు.