శనివారం తిరిగొచ్చిన గిన్నె

సినిమాల్లో మా ఉద్యోగం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిప్పు దానంతటదే అంటుకుందో, ఇన్సూరెన్సు డబ్బు కోసం ఎవడైనా అంటించాడో తేల్చేవాడు జేబులో పిస్తోలు పెట్టుకుని, కార్లో దొంగల్ని తరుముతాడట. అమెరికాలో, టొలీడో ఊళ్లో ఇరవై రెండేళ్లు ఆ పనే చేశాను. పరుగెత్తింది ఒక్కసారి, అదీ కుక్క వెంటపడితే. మా పనల్లా ఇరుగుపొరుగు వంటిళ్లలో కూర్చుని, పెట్టింది తిని, చెప్పింది వినడమే.

ఆర్వెల్ స్టాఫర్ బూట్లు బాగుచేసేవాడు. ఇంటి ముందు గదే కొట్టు. యుద్ధం అయ్యాక జనం చేతిలో నాలుగు డబ్బులాడి, అరిగినవి పారేసి కొత్తవి కొనడం మొదలుపెట్టారు. భార్య పోయి, పిల్లల్లేక, ఆర్వెల్ కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. నలభై ఎనిమిది అక్టోబరులో ఓ ఆదివారం, వీధంతా చర్చిలో ఉండగా, ఇన్సూరెన్సు చేసి ఉన్న ఆ ఇల్లు కాలిపోయింది. స్టవ్వు పక్కన జిగురు డబ్బా ఒలికి ఉంటుందన్నారు ఫైరింజను వాళ్లు. రెండు రోజులు బూడిద జల్లెడ పట్టినా నాకు అంతకుమించి ఏమీ దొరకలేదు.

మూడో రోజు పక్కింటి హెస్టర్ క్లింగ్ నన్ను కూర్చోబెట్టి ఆపిల్ కేకు పెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి, అబద్ధమంటే పామును చూసినట్టు చూసేది. ఆర్వెల్ మీద నాకు అనుమానం రాకూడదని పొగడ్త అందుకుంది.

"అంత నిక్కచ్చి మనిషి మళ్లీ పుట్టడయ్యా. ఈ గాజు గిన్నె మా అమ్మది. ఆగస్టులో దీన్లో కేకు పెట్టి పంపించి, నేనే మరిచిపోయా. మొన్న శనివారం పొద్దున్నే కడిగి మరీ తెచ్చిచ్చాడు. ఒక్కరోజు ఆగుంటే బూడిదలో కలిసిపోయేది కదా?"

నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. లేచి ఎదురింటికి వెళ్లాను. వాళ్ల నిచ్చెన శనివారమే తిరిగొచ్చింది. మూలింటివాళ్ల గడ్డి కోసే మిషను, రెండేళ్ల కిందట పట్టుకెళ్లింది, అదీ శనివారమే. బాగుకిచ్చిన బూట్లు కూడా ఎవరివి వాళ్ల గుమ్మంలో పెట్టి వెళ్లాడు. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు. సొంత ఇంటికి నిప్పు పెట్టుకునేవాడు పొరుగింటి గిన్నె కాలిపోతుందని బెంగపడ్డాడు! పట్టలేనంత నవ్వొచ్చింది, వెనకే దుఃఖమూ వచ్చింది. అయినా రాయాల్సింది రాశాను.

కేసు కోర్టుకెక్కింది. రుజువైతే ఆర్వెల్‌కి జైలే. రుజువంతా ఆ శనివారంలోనే ఉంది. నోరు విప్పొద్దని ప్లీడరు చెప్పాడు కాబట్టి అతను తల వంచుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే వీధి వీధంతటికీ మతిమరుపు పట్టుకుంది. నిచ్చెన వేసవిలోనే వచ్చిందన్నాడు ఎదురింటాయన. మిషను తను ఎవరికీ ఇవ్వనే లేదన్నాడు మూలింటాయన. ఒక్కడూ నా మొహం వంక చూడలేదు. నేను పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

చివరికి హెస్టర్ బోనెక్కి బైబిలు మీద చెయ్యి పెట్టింది. గిన్నె ఎప్పుడొచ్చిందని అడిగారు. ఆగస్టులోనే ఇచ్చేశాడని, నేల చూపులు చూస్తూ చెప్పింది.

ఆర్వెల్ లేచి నిలబడ్డాడు. ప్లీడరు కోటు పట్టుకుని లాగినా కూర్చోలేదు.

"జడ్జిగారూ, ఆవిడ మాట రాసుకోకండి. దేవుడి మీద ఒట్టేసి నా కోసం అబద్ధం చెబుతోంది. శనివారమే ఇచ్చాను. ఇల్లు నేనే అంటించాను."

"కూర్చోవయ్యా వెధవా," అంది హెస్టర్ బోనులోంచి, కళ్లనీళ్లు కారిపోతుండగా. "పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం చెబితే, దాన్ని కూడా తిరిగిచ్చేస్తావా?"